మోటారు దగ్గర షాక్ కొడితే

చందూరు పొలాల్లో నాట్ల రోజులొస్తే అందరికీ తొందరే. తడి చేతులతో స్టార్టరు ముట్టుకునే రైతుల్ని ఎంతమందిని చూశానో! కోప్పడితే, "ఏంగాదు సారూ, రోజూ చేసేదే" అంటారు.

అలాంటి మనిషి మీ కళ్లెదుటే తీగకు అతుక్కుపోయాడనుకోండి. కరెంటు కండరాలను బిగదీస్తుంది. వదలాలన్నా చెయ్యి వదలదు. మీరు పట్టుకుని లాగారా, ఇద్దరికీ ప్రమాదమే. ముందు మెయిన్ స్విచ్చి దించండి. అది అందకపోతే పొడి చెక్కమీద నిలబడి, పొడి కర్రతో తీగను నెట్టండి. పక్కనే ఉంది కదా అని పచ్చి చెరకు గడ అందుకునేరు, అందులో ఉన్నది రసం! 11,000 వోల్టుల లైను తెగిపడితే కర్ర కూడా కాపాడదు. దూరంగా నిలబడి, సబ్‌స్టేషనుకు చెప్పి లైను ఆపించండి.

విడిపించాక అరికాళ్లు రుద్దుతూ కూర్చోవద్దు. ఊపిరి చూడండి. ఎగశ్వాస ఊపిరి కాదు. ఆగిపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్య అరచేతిపై అరచెయ్యి వేసి, 5 సెంటీమీటర్లు దిగేట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. మరొకరు 108కి ఫోను చెయ్యాలి. అంబులెన్సు వచ్చేదాకా మనుషులు మారుతూ నొక్కుతూనే ఉండండి.

లేచి కూర్చుని "బాగానే ఉన్నా" అన్నా నమ్మకండి. పైకి చిన్న మచ్చే, లోపల కండ మాడి ఉండవచ్చు. గుండె లయ తప్పవచ్చు. బోధనుకో, నిజామాబాదుకో తీసుకెళ్లి ఆ రోజే ఇ.సి.జి. తీయించండి.