ఎడారి నడుమ నీటిసంద్రము

ఐగుప్తు దేశపు దక్షిణభాగమున, అస్వాను పట్టణమునకు ఎగువను మేము చూచిన నాసరు సరస్సు ప్రకృతి చేసినది కాదు. 1960-70 సంవత్సరముల నడుమ నైలునదికి అడ్డముగఁ గట్టిన గొప్ప ఆనకట్ట చేసినది. సూడానులోని భాగముతోఁ గూడి దీని నిడివి దాదాపు 500 కిలోమీటర్లు. ఇంత నీరున్నను గట్టు దాటిన నాలుగడుగులకే యెడారి! వాన యేండ్ల తరబడి కురియదు. పడమట నిసుక, తూర్పున నెండిన వాగులు చీల్చిన రాతిగుట్టలు. నీటిమట్టము హెచ్చి తగ్గుచుండుటచే నొడ్డు నిలుకడగా నుండదు. కావునఁ బచ్చదన మరుదు. ఏఁటేఁట సుమారు 1,000 కోట్ల ఘనమీటర్ల జలము ఆవిరియై పోవును.

సోదరీమణులారా! మునుఁగనున్న అబూ సింబెల్ ఆలయములను 1964-68లలో ఖండములుగాఁ గోసి సుమారు 65 మీటర్లు పైకిఁ జేర్చిరి. నాగార్జునకొండ నెఱిఁగిన మనకిది వింత గాదు. కాని నూబియా యిల్లాండ్రు రంగులతోఁ జిత్రించుకొన్న మట్టిగోడల నెవరు గోసి తేఁగలరు? ఐగుప్తులోని నూబియనులు సుమారు 50,000 మంది 1963-64లలో కోమ్ ఒంబో చెంతకుఁ దరలింపఁబడిరి. 1980 దశకపు కఱవునుండి దేశమును గాచినది ఈ జలమే. దానికి వెల యిచ్చినవి ఆ యిండ్లు. బిందెలో నీరు నింపుకొనునపుడైన, మన జలాశయముల యడుగున నున్న యూళ్లను దలఁచుకొనుట మనకు ధర్మము.