గేర్‌బాక్సు పోయిందన్నారా? ఏం కొలిచారో అడగండి

సాఫ్ట్‌వేర్ వాళ్ళం మనకో జబ్బుంది. లాగ్ లో ఏ మాడ్యూల్ పేరు కనిపిస్తే తప్పంతా దాని నెత్తినే రుద్దేస్తాం. తీరా చూస్తే ఎవరో పైనుంచి చెత్త డేటా పంపించి ఉంటారు. కార్ల షాపుల్లోనూ ఇదే జబ్బు, ముఖ్యంగా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల విషయంలో. స్కానర్ లో 'ట్రాన్స్‌మిషన్' అన్న మాట కనిపించిందా, ఇంక గేర్‌బాక్సు మార్చాల్సిందే అంటారు.

నేను చదివింది మెకానికల్, చేసేది జావా. (మనలో చాలామంది కథ ఇదే కదా!) ఆ చదువు ఇన్నాళ్ళకి ఒక్కసారి అక్కరకొచ్చింది. పోయినేడాది ఇక్కడ డల్లాస్ పక్కన ఇర్వింగ్ లో మా ఫ్రెండు పాత కారు ఉన్నట్టుండి మూడో గేరులో బిగుసుకుపోయింది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరితే ఈడుస్తోంది, ఫ్రీవే ఎక్కితే ఇంజను ఒకటే రొద. షాపువాడు స్కాన్ చేసి, రీబిల్ట్ గేర్‌బాక్సు వెయ్యాలి, 3,400 డాలర్లు అన్నాడు. కారు అమ్మినా అంత రాదు. మా వాడిదేమో కొత్త ఉద్యోగం, ఊళ్ళో నాన్నగారు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన చదువు అప్పు ఇంకా అలాగే ఉంది. "మామా, దీన్ని తుక్కుకిచ్చేసి లోన్ మీద ఇంకోటి తీసుకుంటా రా" అన్నాడు. ఒక్క ఆదివారం ఆగమన్నా.

వచ్చిన కోడ్లు రెండు: పి0700, పి0715. మొదటిదానికి అర్థం 'గేర్‌బాక్సు కంప్యూటరు దగ్గర ఏదో ఫిర్యాదుంది, వెళ్ళి దాన్నే అడుగు' అని మాత్రమే. మన భాషలో చెప్పాలంటే 'లోపలి ఎక్సెప్షన్ చూడు' అన్నట్టు. అసలు సంగతి రెండోది. పి0715 అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూటులో లోపం. 'సర్క్యూటు' అన్న మాట గమనించండి. క్లచ్చు అనలేదు, గేరు అనలేదు. ఇక మూడో గేరులో ఉండిపోవడాన్ని లింప్ మోడ్ అంటారు. కంప్యూటరుకి తన లెక్క మీద నమ్మకం పోతే, ఇంకా నష్టం జరగకుండా ఒక్క గేరులో పెట్టి ఊరుకుంటుంది. అది రోగం కాదు, జాగ్రత్త.

ముందు ఆయిల్ చూశాం. ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. నల్లబడి మాడు వాసనొస్తేనో, కింది పాన్ లో ఇనుప రేకులు కనిపిస్తేనో భయపడాలి. (అయస్కాంతం మీద సన్నటి మెత్తటి రజను మామూలే.) గులాబీ పాలలాగా ఉంటే రేడియేటరు కూలెంట్ కలిసినట్టు, ఇంక ఆ బండి నడపకూడదు.

తర్వాత లెక్క. గేర్‌బాక్సులోకి వచ్చే వేగాన్ని బయటికి పోయే వేగంతో భాగిస్తే గేరు నిష్పత్తి రావాలి. మొదటి గేరు 2.8 అనుకోండి, లోపల 2,800 తిరిగితే బయట 1,000 తిరగాలి. లోపల 3,200 తిరిగినా బయట వెయ్యే ఉంటే మధ్యలో ఏదో క్లచ్చు జారుతోందన్నమాట. దానికి వేరే కోడ్లున్నాయి, పి0731 నుంచి గేరుకొకటి. అవేవీ మాకు రాలేదు.

గేర్‌బాక్సు కంప్యూటరుని కూడా చదవగలిగే స్కానర్ ఒకటి అరువు తెచ్చి (చవక అడాప్టర్లు చాలావరకు ఇంజను కోడ్లే చదువుతాయి) వాడు నడుపుతుంటే నేను పక్కన కూర్చున్నా. 40 మైళ్ళ వేగం, గేరు పడే ఉంది, బయటి షాఫ్టు చక్కగా తిరుగుతోంది. కానీ రోడ్డు మీద చిన్న కుదుపు వచ్చినప్పుడల్లా ఇన్‌పుట్ వేగం సున్నా! గేరు పడి ఉండి, చక్రాలు తిరుగుతుంటే లోపలి షాఫ్టు ఆగడం జరిగే పని కాదు. మరుక్షణం అంకె తిరిగొచ్చేది, భాగిస్తే మూడో గేరుకి అచ్చంగా సరిపోయేది. అంటే గేర్‌బాక్సు బాగానే ఉంది. అబద్ధం చెబుతున్నది సెన్సరో, దాని వైరో.

మల్టీమీటరు పెట్టాం. సెన్సర్ రెసిస్టెన్సు మాన్యువల్ లో రాసినంతే ఉంది. కంప్యూటరు వైపు కనెక్టరు నుంచి కొలుస్తూ వైరు కదిపితే మాత్రం రీడింగు ఎగిరిపోయింది. బ్యాటరీ ట్రే కింద ఒక బ్రాకెట్టుకి రాసుకుని రాసుకుని వైరు తొక్క ఊడిపోయి, రెండు మూడు రాగి పోగులు మిగిలున్నాయంతే. టంకం వేసి, స్లీవు తొడిగి, మళ్ళీ రాసుకోకుండా క్లిప్పు పెట్టాం. ఖర్చు 20 డాలర్ల లోపే. కోడ్లు చెరిపి బయల్దేరితే గేర్లు వరసగా పడ్డాయి. ఏడాది దాటింది, ఆ కోడ్లు మళ్ళీ రాలేదు.

షాపువాణ్ణి దొంగ అనను. ఇలా వెతకడానికి మాకు సగం రోజు పట్టింది. 'పరీక్షకే 150 డాలర్లు' అంటే మనమే మొహం చిట్లిస్తాం, మార్చడానికి మాత్రం వేలు ఇస్తాం. వెతికే పనికి డబ్బులివ్వనప్పుడు వాడు తనకి గ్యారంటీ ఉన్న పనే చెబుతాడు. ఎవరూ బగ్ వెతకడానికి టైమివ్వకపోతే మనం మాడ్యూల్ మొత్తం తిరగరాద్దాం అనమూ?

మనూళ్ళో ఉన్నవాళ్ళకో మాట. 2014లో సెలెరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీలు నిజానికి మామూలు గేర్‌బాక్సులే. క్లచ్చు నొక్కే పని, గేరు మార్చే పని యాక్చువేటర్లు చేస్తాయి. టార్క్ కన్వర్టరు ఉండదు, లక్షణాలు వేరు, పరీక్షలూ వేరు. కానీ అడగాల్సింది మాత్రం అదే.

కోడు నంబరేంటి? ఆయిల్ ఎలా ఉంది? ఏ గేరులో నిష్పత్తి తప్పింది? వైరు, కనెక్టరు చూశారా? జవాబులు అంకెల్లో వస్తే, మార్చమన్నప్పుడు మార్చండి. నిజంగా క్లచ్చులు మాడిపోయిన గేర్‌బాక్సుకి ఎన్ని వైర్లు అతికినా లాభం లేదు. జవాబు 'మా అనుభవం' అని వస్తే మాత్రం, ఆ వందో రెండొందలో పరీక్షకే ఇచ్చి ఇంకోచోట చూపించండి. మీ బళ్ళతో మీరు పడ్డ పాట్లు కూడా చెప్పండి, నలుగురికీ పనికొస్తాయి.