03233... ఓ తాబేలు చిరునామా!

అర్ధరాత్రి. రుషికుల్య నది బంగాళాఖాతంలో కలిసేచోట ఇసుక మీద కాలు మోపడానికి చోటుండదు. ఎటు చూసినా తాబేళ్లే! ఒక్కోటీ దాదాపు నలభై కిలోల బరువు. వెనక కాళ్లతో గుంత తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వచ్చినదారినే సముద్రంలోకి వెళ్లిపోతాయి. శ్రీకాకుళం జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళితే వచ్చే ఈ ఒడిశా తీరం, ఆలివ్ రిడ్లే తాబేళ్లకు పుట్టిల్లు.

2024లో అవి ఇక్కడికి మూకుమ్మడిగా రాలేదు. 2025 ఫిబ్రవరిలో మాత్రం దాదాపు ఏడు లక్షలు వచ్చాయి! మిగతా రోజుల్లో ఇవన్నీ ఎక్కడుంటాయి? ఆ సంగతి తెలుసుకోవడానికే శాస్త్రవేత్తలు తాబేళ్ల ముందుకాళ్లకు నంబరున్న లోహపు ట్యాగులు వేస్తున్నారు. 2021లో గహిర్మాత తీరంలో అలా ట్యాగు వేసిన తాబేలే 03233. అది 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. శ్రీలంకను చుట్టి వెళ్లిందనుకుంటే 3,500 కిలోమీటర్లకు పైమాటే! తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అనుకుంటున్నవారిని ఆ ఒక్క నంబరు మళ్లీ ఆలోచనలో పడేసింది.

అయితే ట్యాగు చెప్పేది బయల్దేరిన చోటు, చేరిన చోటు మాత్రమే. మధ్యదారి తెలియాలంటే వీపుమీద చిన్న ట్రాన్స్‌మిటర్ అతికించాలి. తాబేలు గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడల్లా అది ఉపగ్రహానికి సంకేతం పంపుతుంది. ఆ లెక్కల్లో తప్పులూ ఉంటాయి. గంటలో వంద కిలోమీటర్లు ఈదినట్టో, కొండెక్కినట్టో కనిపించే చుక్కల్ని కంప్యూటర్ ఏరి పారేస్తుంది. మిగిలినవాటిని కలిపితే దారి తేలుతుంది. దానిమీద నీటి వేడి, ప్రవాహాలు, నాచు వివరాలు పరిస్తే తాబేలు ఎందుకు అటు తిరిగిందో అర్థమవుతుంది. నీటి వేడి, నాచు వివరాలతోనే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లను చెబుతోంది.

2001 ఏప్రిల్‌లో ఒడిశాలోని దేవీ నది ముఖద్వారం దగ్గర నాలుగు తాబేళ్లకు ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. ఒకటి శ్రీలంక దారి పట్టింది. కొన్ని నెలలకే నాలుగూ మూగబోయాయి. యంత్రాలే చెడిపోయాయో, ట్రాలర్ వలల్లో చిక్కుకున్నాయో! వలలో ఇరుక్కున్న తాబేలు పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది మరి.

అందుకే ఈ నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకూ చేపలవేట నిషేధం. ఏడు నెలలు పడవ ఒడ్డున ఉంటే మత్స్యకారుల ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. తాబేళ్లు ఏ వారంలో ఎక్కడ గుమిగూడతాయో కచ్చితంగా తెలిస్తే వాటినీ కాపాడవచ్చు, వేటకు ఎక్కడ దారి వదలవచ్చో కూడా చూడవచ్చు. ఈ లెక్కలన్నీ అందుకే.

చూడాలనుకునేవారు బరంపురం లేదా ఛత్రపురంలో రైలు దిగి వెళ్లవచ్చు. అటవీ సిబ్బంది అనుమతి తప్పనిసరి. టార్చిలైట్లు, కెమెరా ఫ్లాష్‌లు వద్దు. గుడ్లు పెట్టిన దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. సముద్రం మీది వెలుగే వాటికి దారి. అందుకే ఆ రాత్రుల్లో ఒడ్డున దీపాలు ఆర్పేయాలి.