ముంగోపి

మా ఇంట్లో రాతబల్ల సొరుగులో ఒక చిన్న కత్తెర ఉంటుంది. కొత్త చొక్కా ఏది కొన్నా, తొడుక్కోవడానికి ముందే మెడ వెనుక కుట్టిన లేబులును దారపు పోగులతో సహా విప్పివేయడం దాని పని. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆ కత్తెర మా ఇంట్లో లేదు. అది లేని కాలంలో జరిగిన సంగతులే నేనిప్పుడు చెప్పదలచుకొన్నాను.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు ఉపన్యాసకుణ్ణి. ఉద్యోగరీత్యా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో పనిచేశాను. అప్పట్లో ఈ మూడూ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులోకి పోయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. ఊళ్ళను జిల్లాలను బట్టి, పంటలను బట్టి గుర్తుపెట్టుకోవడం లోకసహజం. మా అబ్బాయి మాత్రం వాటిని చప్పుళ్ళను బట్టి గుర్తుపెట్టుకొన్నాడు. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

వాడు 2004లో పుట్టాడు. సూర్యాపేటలో మేము అద్దెకున్న ఇల్లు హైదరాబాదు-విజయవాడ రహదారికి దగ్గరలో ఉండేది. రాత్రింబవళ్ళు లారీల హారన్లు వినిపిస్తూనే ఉండేవి. మేము నాలుగు రోజులలో వాటికి అలవాటుపడి హాయిగా నిద్రపోయాము. వాడు పడలేదు. మూడేళ్ళు నిండేసరికి ఇరుగుపొరుగువారు వాడికి ‘ముంగోపి’ అని పేరు పెట్టారు. కుక్కరు కూత పెడితే కేకలు. తలకు నూనె రాయబోతే గోల. గోళ్ళు తీయాలంటే ఇద్దరం పట్టుకోవాలి. సాక్సు కొసన ఉండే కుట్టు వేళ్ళకు తగులుతున్నదని ప్రతి ఉదయం ఒక యుద్ధం. పెరుగన్నం తినేవాడు, అందులో ఒక్క పోపుగింజ పంటికి తగిలినా తిన్నదంతా కక్కేసేవాడు. “కోపం ముందు పుట్టి, కారణాన్ని తరువాత వెదుక్కొనేవాడే ముంగోపి” అని ఆ మాటకు నేనొక వ్యుత్పత్తి కల్పించి మిత్రులను నవ్వించేవాణ్ణి. భాషాపండితునికి ఇటువంటి సరదాలు కొన్ని ఉంటాయి. ఆ వ్యుత్పత్తి తప్పని చెప్పగలిగినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు గాని, వాడికి అప్పటికి అన్ని మాటలు రావు.

వింత ఏమంటే, అదే పిల్లవాడు ఊయలలో గంటసేపు గిరగిర తిరిగినా కళ్ళు తిరగవనేవాడు. పరుపుకూ గోడకూ మధ్య ఇరుక్కొని పడుకొంటే ప్రశాంతంగా ఉండేవాడు. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బరువైన బొంతను వాడిచుట్టూ గట్టిగా చుట్టి ఒడిలో పెట్టుకొనేది. పది నిమిషాలలో ఏడుపు తగ్గేది. “నాయనమ్మ గారాబమే వీణ్ణి చెడగొడుతున్నది” అని నేను విసుక్కొనేవాణ్ణి. ఆమె ఒకే మాట అనేది: “వాడు మొండి కాదురా, వానికేదో అయితున్నది.”

సూర్యాపేటకు ఆనుకొని ఉన్న దురాజ్‌పల్లి గుట్టమీద రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటారు, గొల్లగట్టు అనీ అంటారు. అయిదు రోజులపాటు జనం సముద్రంలా వస్తారు. గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ, “ఓ లింగా” అంటూ గుట్ట ఎక్కే దృశ్యం చూసి తీరవలసినది. వాడికి ఆరేళ్ళున్నప్పుడు భుజాలమీద కూర్చోబెట్టుకొని తీసుకొనిపోయాను. సగం దారిలో వాడు నా జుట్టు పట్టుకొని లాగడం మొదలుపెట్టాడు. దించాను. రెండు చేతులతో చెవులు మూసుకొని కిందపడి దొర్లాడు. జనం ఆగి చూస్తున్నారు. లేపబోతే నా చేయి కొరికి, విడిపించుకొని, కింద రహదారి వైపు పరుగెత్తాడు. ఎవరో ఒక ముసలాయన తన కర్ర అడ్డం పెట్టి ఆపకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకు నేటికీ ధైర్యం చాలదు. నేను ఆయాసపడుతూ చేరుకొని, ఇంతమంది ఎదుట పరువు తీశాడన్న కోపంతో వాడి చెంప మీద కొట్టాను. వాడి ముఖం మీద నాకు కనిపించింది భయం. అది అప్పుడే కనిపించింది. అయినా రెండో దెబ్బ కూడా వేశాను.

కోదాడకు వచ్చిన తరువాత బడినుండి ఫిర్యాదులు మొదలయ్యాయి. పక్కవాడు తగిలితే తోసివేస్తాడట. భోజనాల హాలులో పళ్ళెం విసిరికొట్టాడట. శిక్షగా తరగతి బయట వేపచెట్టు కింద నిలబెట్టేవారు. అది వాడికి విశ్రాంతి అని ఎవరం గ్రహించలేదు. అరవై మంది పిల్లల గోలనుండి తప్పించి చల్లని నీడలో నిలబెడితే, మరునాడు మళ్ళీ అక్కడికే పంపించుకొనే ఉపాయం వాడు కనిపెట్టాడు. తెలివైన పిల్లవాడే కదా!

మొదట కన్ను తెరిచింది నా భార్య. ఆమె ఒక పాత లెక్కల నోటుపుస్తకంలో నెలరోజులపాటు వాడి కోపాలను రాసిపెట్టింది. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏమి జరిగింది, ఆనాడు నిద్ర ఎంత. అది 2012 వేసవి. కరెంటు కోతలతో ఊరంతా ఉడికిపోతున్న కాలం. నెల చివర ఆమె నోటుపుస్తకం నా ముందు పెట్టి, “కరెంటు లేని పూట వీడు ఒక్కసారి కూడా అరవలేదు, చూడండి” అన్నది. చూశాను. నిజమే. పంకా లేదు, మిక్సీ లేదు, టీవీ లేదు, ట్యూబులైటు గుయ్యిమనడం లేదు. చెమటలు కారే ఆ చీకటిలో మేమందరం చిటపటలాడుతుంటే, మా ముంగోపి ఒక్కడే మెట్లమీద కూర్చొని చుక్కలు లెక్కపెట్టుకొనేవాడు.

ఆ నోటుపుస్తకం పట్టుకొని మరుసటి సంవత్సరం హైదరాబాదు వెళ్ళాము. పిల్లల వైద్యుడు, మనస్తత్వ నిపుణురాలు, ఆక్యుపేషనల్ థెరపిస్టు ముగ్గురూ చూశారు. వాడికి ఆటిజం లేదని తేల్చారు. చెవి పరీక్షలో లోపమేమీ లేదు. థెరపిస్టు చెప్పిన మాటలు నా తరగతి గదిలో నేను చెప్పే పాఠాలకంటె సులభంగా ఉన్నాయి. మనం పంచేంద్రియాలంటాము గాని, శరీరం ఎటు ఒరిగిందో తెలిపే జ్ఞానం లోపలి చెవిలోనూ, కాలుసేతులు ఎక్కడున్నాయో తెలిపే జ్ఞానం కండరాలలోనూ కీళ్ళలోనూ ఉంటాయి. ఇవన్నీ ప్రతి క్షణం మెదడుకు వార్తలు పంపుతూనే ఉంటాయి. మెదడు అక్కరలేనివాటిని పక్కకు నెట్టి, కావలసినవాటినే ముందుకు తెస్తుంది. ఒంటిమీది చొక్కా మనకు కాసేపటికి తెలియకపోవడం అందుకే. కొందరు పిల్లలలో ఈ వడపోత సరిగా జరగదు. లేబులు సాయంత్రందాకా గీరుకొంటూనే ఉంటుంది. అటువంటి పిల్లవాడు రోజంతా భరించి, చివరికొక చిన్న కారణానికి బద్దలవుతాడు. మనకు ఆ చివరి కారణం ఒక్కటే కనిపిస్తుంది.

ఈ ఆలోచనకు మూలపురుషుడు కాదు, మూలస్త్రీ, అమెరికాకు చెందిన జీన్ ఎయిర్స్. ఇంద్రియాల సమన్వయానికీ చదువులో ఇబ్బందులకూ గల సంబంధంపై ఆమె గ్రంథం 1972లో వెలువడింది. అయితే వైద్యలోకం ఆమె సిద్ధాంతాన్ని పూర్తిగా అంగీకరించలేదు. దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా పేర్కొనవద్దని 2012లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచించింది. 2013లో వెలువడిన అక్కడి మానసిక వైద్యుల సూచిక కూడా దీనికి విడిగా స్థానమివ్వలేదు, ఆటిజం లక్షణాలలో ఒకటిగా మాత్రమే చేర్చింది. అదే సూచికలో పిల్లల నిరంతర చిరాకుకు ఒక కొత్త పేరు చేరింది. వారానికి మూడుసార్లకు తగ్గకుండా కోపం బద్దలవుతూ, మధ్య రోజులలో కూడా చిరాకు వదలక, ఇల్లూ బడీ వంటి రెండు చోట్లనైనా ఇది కనిపిస్తూ, ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెట్టాలి. మావాడికి ఆ పేరు కూడా సరిపోలేదు. వేసవి సెలవులలో మా అమ్మ ఊరికి పోతే వాడు వెన్నముద్ద. పేరు దొరకలేదని నేను దిగులుపడితే, “పేరుతో పనేముంది, కత్తెర కొందాం పదండి” అన్నది నా భార్య. అబిడ్స్‌లో కొన్న కత్తెర అదే.

బొంత సంగతి కూడా అడిగాను. గట్టిగా ఒత్తి పట్టుకోవడం కొందరు పిల్లలకు ఊరటనిస్తుందట. తరువాత ఎప్పుడో చదివాను: 2014లో బ్రిటనులో ఆటిజం ఉన్న పిల్లలకు బరువు దుప్పట్లు కప్పి పరిశీలిస్తే నిద్ర ఏమీ పెరగలేదు గాని, పిల్లలూ తల్లిదండ్రులూ ఆ దుప్పట్లనే ఇష్టపడ్డారట. శాస్త్రం ఎటు తేల్చినా మా అమ్మ ముందు నేను తలవంచుకోవలసి వచ్చింది.

ఆ తరువాత మేము చేసినవన్నీ చిన్న పనులే. కుక్కరు కూతకు ముందు చెప్పడం, బడినుండి రాగానే అరగంట ఎవరూ పలకరించకపోవడం, పెరట్లో ఊయల. కోపాలు పోలేదు, వారానికి పది ఉన్నవి రెండయ్యాయి.

మిర్యాలగూడకు మారేనాటికి వాడికి పదమూడేళ్ళు. సాగరు ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఆ ఊరి మిల్లులకు చేరుతాయి. కోతల కాలంలో ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికే వాసన, ఊక ధూళి, యంత్రాల హోరు ఊరిని కమ్ముకొంటాయి. దానికి తోడు కౌమారం. ఈసారి వాడు అరవలేదు. గది తలుపు వేసుకొన్నాడు. పలకరిస్తే కసరడం, అన్నం సగంలో వదిలివేయడం, రాత్రి నిద్రలేకపోవడం. “ఈ వయసులో అందరికీ ఉండేదే” అని సరిపెట్టుకోబోయాను. కాని పెద్దలలో దిగులు ఏడుపుగా కనిపిస్తే, పిల్లలలో చిరాకుగా కనిపించవచ్చునని, చిన్ననాటి నిరంతర చిరాకు పెద్దయ్యాక దిగులుకూ ఆందోళనకూ దారితీయవచ్చునని అంతకుముందే విన్నాను. ఒక రాత్రి మేడమీద వాడి పక్కన కూర్చొని, “ఎందుకురా అంత కోపం?” అని అడిగాను. “కోపం కాదు నాన్నా. అలసిపోయాను” అన్నాడు. మరునాడే వైద్యుని దగ్గరకు బయలుదేరాము. ఆలస్యం చేయకపోవడం నా జీవితంలో నేను చేసిన కొద్ది మంచి పనులలో ఒకటి. ఇప్పుడైతే 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ అది. అప్పుడు నాలుగు గంటల బస్సు ప్రయాణం తప్ప మరో దారి తెలియదు.

ఆ రోజులలోనే వాడొక పని చేశాడు. యంత్రాల దగ్గర పనిచేసేవారు పెట్టుకొనే చెవి తొడుగులు కొనితెచ్చుకొని చదువుకొనేటప్పుడు తగిలించుకొన్నాడు. “మిల్లులో పెట్టుకొంటే జాగ్రత్త అంటారు, ఇంట్లో పెట్టుకొంటే పొగరు అంటారు” అని నవ్వాడు. చాలా నెలల తరువాత వాడు నవ్వగా చూడటం అదే.

ఇంటర్ పూర్తి అయిన వేసవిలో జాతరనాటి దెబ్బల గురించి వాడిని క్షమాపణ అడిగాను. ఏళ్ళ తరబడి లోపల దాచుకొన్న మాటలు, తడబడుతూ చెప్పాను. వాడు ఆశ్చర్యంగా చూసి, “నువ్వు కొట్టావా? అది నాకు గుర్తులేదు నాన్నా. ఆ గజ్జెల చప్పుడే గుర్తున్నది” అన్నాడు.

ఇప్పుడు వాడు డిగ్రీ చదువు ముగించి హైదరాబాదులో ఉన్నాడు. నేను మిర్యాలగూడలోనే ఉన్నాను. ఈ సంవత్సరం నా మొదటి సంవత్సరం తరగతిలో కిటికీ పక్కన కూర్చొనే అబ్బాయి ఒకడున్నాడు. గంట మోగడానికి రెండు నిమిషాల ముందునుండే వాడి భుజాలు బిగుసుకొంటాయి. పిలిస్తే ముఖం చిట్లించుకొని లేస్తాడు. వెనుక బెంచీలవారు నవ్వుతారు. పొగరుబోతని తోటి ఉపన్యాసకులు అప్పుడే తేల్చివేశారు. గంట వేలాడే వరండాకు దూరంగా, రెండో వైపు గోడ దగ్గరకు నిన్న వాడి చోటు మార్చాను. ఎందుకని వాడు అడగలేదు. రేపు తరగతి అయిన తరువాత ఒకసారి ఆగమని చెప్పాలి.