మందిరం కంప్యూటరు

రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదని కొందరు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగాలేనిది మందిరం కంప్యూటరు.

2010లో మీరంతా తలా కొంత వేస్తే ఒంగోలులో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ అది. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతారేంటి అయ్యగారూ అని యౌవనస్థులు నవ్వుతుంటారు. కారణం ఉంది. మన పాటల పుస్తకం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైపు చేసింది. ఆ ఫైలును ఫోన్‌లో తెరవాలని చూస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులూ గుణింతాలూ కూర్చుని దిద్దుకోవాలి. మేము మొదలుపెట్టి పదకొండో పాట దగ్గర ఆపేశాం.

అయితే ఈసారి మా గుండె జారింది పాటల కోసం కాదు. తూర్పు వీధి మామ్మగారు పోయిన సంగతి మీకు తెలుసు. 2013లో ఆమెను మందిరం వరండాలో కూర్చోబెట్టి, మైకు పెట్టి, పొగాకు బ్యారన్ దగ్గర కూలికి వచ్చిన రోజుల నుంచి ఆమె చెప్పిందంతా రికార్డు చేశాం. నలభై నిమిషాలు. ఆ గొంతు ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తామని ఆమె కూతురికి మూడుసార్లు మాటిచ్చాం. మూడుసార్లూ మర్చిపోయాం. సమాధి కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయి వచ్చి, "శనివారం ఆదరణ కూడికలో అమ్మ గొంతు ఒక్కసారి వినిపించండి అయ్యగారూ" అంది.

మంగళవారం పొద్దున స్విచ్ నొక్కాం. లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. లోపలి నుంచి పొడుగ్గా బీప్, కాస్త ఆగి మళ్ళీ బీప్. ఆపి వేస్తే మళ్ళీ అదే.

ఇక్కడే మేము చేయకూడని పని చేశాం. చివరిసారి దీన్ని ముట్టుకున్నది ఎవరు అని అడిగాం. సండేస్కూలు క్విజ్ టైపు చేసిన పదో తరగతి పిల్లవాడి పేరు వచ్చింది. వాడు పెన్‌డ్రైవ్ పెట్టాడని ఇంకొకరు అన్నారు. వాడిని పిలిపించి, నలుగురి ముందు, "సినిమాలు ఎక్కించి వైరస్ తెచ్చావు కదరా" అన్నాం. లేదు అయ్యగారూ అని ఒక్కసారే అన్నాడు. మేము వినలేదు. సాయంత్రం ప్రార్థనకు వాడు రాలేదు.

బుధవారం దాన్ని బండి మీద పెట్టుకుని మండల కేంద్రంలో ఒక షాపుకు తీసుకెళ్ళాం. ఆయన మూత కూడా తీయకుండానే బీప్ విని, మదర్‌బోర్డు పోయింది, ఈ మోడల్ ఇప్పుడు రాదు, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మరి లోపలి ఫైళ్ళో అంటే పెదవి విరిచాడు.

ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి వీడియో కాల్ చేశాం. వైరస్ సంగతి చెబుతుంటే మధ్యలోనే ఆపేశాడు. "మావయ్యా, ఆ మాట వదిలెయ్. ముందు బీప్ వినిపించు" అన్నాడు. విని, అప్పుడు చెప్పాడు. కంప్యూటరుకు కరెంటు అందగానే బోర్డు మీదున్న చిన్న చిప్పు తన పరీక్ష తాను చేసుకుంటుందట. ర్యామ్ ఉందా, తెరకు బొమ్మ పంపే భాగం పనిచేస్తోందా అని చూసుకుని, అవి బాగుంటేనే హార్డ్ డిస్క్ వైపు వెళ్తుంది. విండోస్ ఉండేది డిస్కులో. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చే వైరస్ చేరేదీ అక్కడికే. "ఇది డిస్కు దాకా పోనే లేదు కదా. గడప దగ్గరే ఆగిపోతే వంటింట్లో పిల్లవాణ్ణి తిడతారేంటి?" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గురువారం వాడు చెప్పినట్టే చేశాం. ప్లగ్గు పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకున్నాం, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. చేతుల్లో ఉండే స్టాటిక్ పోవాలని క్యాబినెట్ ఇనుమును తాకి, పక్క మూత విప్పాం. లోపలంతా తెల్లటి పొడి! సున్నం. ఒక మూల రెండు బల్లి గుడ్లు. అప్పుడు గుర్తొచ్చింది. ఈస్టర్‌కు ముందు మందిరానికి వెల్ల వేయించినప్పుడు ఈ క్యాబినెట్‌ను గది నుంచి గదికి ఈడ్చింది మేమే. మీద గుడ్డ కప్పకుండా, ప్లగ్గు తీసేసి, నెల రోజులు మూలన పడేసిందీ మేమే.

కొత్త పెయింట్ బ్రష్షుతో పొడి దులిపాం. తడి గుడ్డ మాత్రం వద్దన్నాడు. ర్యామ్ కార్డులు రెండూ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక్కటే పెట్టి చూశాం. ఆ బోర్డులో ఆగి ఆగి వచ్చే పొడుగు బీప్ అంటే ర్యామ్ సరిగా ఆనలేదని అర్థమట. బోర్డును బట్టి ఈ అర్థాలు మారతాయి కాబట్టి మీ ఇంట్లో బీప్ వస్తే ఇదేనని అనుకోకండి. రెండు పక్కలా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి, స్విచ్ వేశాం. చిన్న బీప్ ఒకటి. తెర మీద అక్షరాలు వచ్చాయి.

సంతోషం రెండు నిమిషాలే. తేదీ 2009 అని చూపిస్తూ ఎఫ్1 నొక్కమంది. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. ప్లగ్గు తీసేసినప్పుడు తేదీనీ సెట్టింగులనూ కాపాడేది అదే. నెల రోజులు ప్లగ్గు లేకుండా ఉండేసరికి, అసలే పాతది, అదీ అయిపోయింది. గడియారాల షాపులో దొరికింది. అది మార్చాక, బూట్ అయ్యే డిస్కు లేదంది.

అక్కడ మేము నిజంగా భయపడ్డాం. మామ్మగారి నలభై నిమిషాలూ పోయాయనుకున్నాం. మేనల్లుడు మాత్రం తొణకలేదు. మళ్ళీ ప్లగ్గు తీయించి, డిస్కు నుంచి బోర్డుకు వెళ్ళే ఎర్ర కేబుల్ లాగి చూడమన్నాడు. లాగనక్కర్లేకుండానే చేతికి వచ్చేసింది. దాన్ని గట్టిగా బిగించి వేస్తే విండోస్ వచ్చింది. ఇంకేమీ ముట్టుకోకుండా ముందు రికార్డింగును రెండు పెన్‌డ్రైవుల్లోకీ ఒక ఫోన్‌లోకీ ఎక్కించాం. ఒకవేళ కంప్యూటరు లేవకపోయినా డిస్కును విప్పి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటరుకు తగిలించి చూసే వీలుండేదట. షాపులో ఆ ముక్క చెప్పి ఉంటే రెండు రాత్రులు నిద్రపోయేవాళ్ళం.

శుక్రవారం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ కంగారుగా కుర్చీలు వేసింది. నలుగురి ముందు అన్నాం కాబట్టి, పక్కింటి వాళ్ళు కూడా వినేలా, "తప్పు మాది నాన్నా, ఆ కంప్యూటరును పాడుచేసింది మేమే" అన్నాం. వాడు చాలాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ మోచేత్తో పొడిస్తే, "పర్లేదు అయ్యగారూ" అన్నాడు. పర్లేదని వాడి మొహంలో లేదు. టీ తాగి వచ్చేశాం.

శనివారం కూడికకు వచ్చాడు. వెనక కూర్చున్నాడు. రికార్డింగు పెట్టాం. మొదట గాలి హోరు, ఎక్కడో కోడి కూత, తర్వాత మామ్మగారు. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి రికార్డులో మామ్మగారు విసుక్కుంటూ, "ఒరే, ఆ ఫ్యాను ఆపండ్రా, నా మాట నాకే వినబడ్డం లేదు" అంది. పిల్లవాడు గబుక్కున లేచి వెళ్ళి మందిరం ఫ్యాను ఆపేశాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. వాడూ నవ్వాడు.

పన్నెండో పాట నుంచి ఒత్తులు వాడే దిద్దుతున్నాడు. పాతది, కొత్తది పక్కన పెట్టి చదివి సరిచూసేవాళ్ళు ఇద్దరు కావాలి. కళ్ళజోడు ఉన్నా ఫర్వాలేదు. సాయంత్రం ఐదు తర్వాత రండి, అప్పుడైతే కరెంటు ఉంటుంది.