ఒకే తాను గుడ్డ

డిసెంబరు నెల ప్రవేశించగానే మీ యింటి పిల్లల నడవడి మారినదా? పిలువకముందే పలుకుట, తిన్న పళ్లెము తామే కడిగి పెట్టుట ఈ నెలలోనే ఎక్కువగా కనబడును. తల్లులు సంతోషింతురు గాని, జనవరి ఎట్లుండునో వారికి తెలియనిది కాదు.

మా సంఘస్థులు కొందరు కోకాపేటలో కాపురమున్నారు. గండిపేట చెరువునకు దగ్గరనున్న ఆ గ్రామములో 2023 ఆగస్టున ఒక ఎకరము నేల 100 కోట్ల 75 లక్షల రూపాయలకు వేలములో పోయినది. అక్కడ ప్రతిదానికి ఒక ధర ఉన్నది. క్రిందటి క్రిస్మసుకు ముందు ఆ మేడలలో ఒక యింటికి ప్రార్థనకు వెళ్లితిని. ఇంటి యజమానుడు కొన్నియేండ్లు అమెరికాలో పనిచేసి వచ్చినవాడు. అరమీద ఎఱ్ఱటోపీ బొమ్మ యొకటి కూర్చుండియున్నది. పిల్లల మంచిచెడ్డలను చూచి, అది రాత్రివేళ క్రిస్మసు తాతకు చెప్పునట! 2005లో అమెరికాలో వెలువడిన ఒక పిల్లల పుస్తకముతో వ్యాపించిన వాడుక ఇది.

పదేండ్ల అక్క తన మంచిపనులన్నిటిని తేదీలతో నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నది. ఏడేండ్ల తమ్మునికి ఆ బెంగ లేదు. “పోయినసారి కూడా అల్లరి చేశాను. అయినా సైకిలు వచ్చింది” అన్నాడు. అక్క కన్నుల నీళ్లు తిరిగినవి. “వాడికీ నాకూ ఒకటే అయితే, నేనెందుకు మంచిగా ఉండాలి, పాస్టర్ అంకుల్?”

చదువరీ, లూకా సువార్త 15వ అధ్యాయములో పొలమునుండి వచ్చి వెలుపల నిలిచిన పెద్దకుమారుని ప్రశ్న ఇదే గదా! తమ్ముని మాట నాకు నచ్చలేదు. అట్టివారికి పౌలు రోమా పత్రిక ఆరవ అధ్యాయములో గట్టిగానే జవాబిచ్చినాడు. అయినను, ఇచ్చువాడు మంచివాడని ఆ చిన్నవాడు ఎరుగును. అక్క ఎరుగదు.

ఆమె ఇంకొక మాట అన్నది. వారి బాల్కనీనుండి చూచిన, ప్రక్క మేడ కట్టు కూలీల రేకుల షెడ్లు కనబడును. “ఆ పిల్లలకు ఏమీ రాదు. వాళ్లు మంచిగా లేరేమో.” నా గుండె ఝల్లుమన్నది. ఆ బిడ్డ కఠినురాలు కాదు, లెక్క తప్పలేదు కూడ. మనము నేర్పిన లెక్క అంతవరకు తీసికొనిపోవును. ఆ లెక్కను బేత్లెహేము పశువుల తొట్టి యొద్దకు తీసికొనిపోయి చూడండి!

నాలుగవ శతాబ్దములో మురలో బిషప్పుగానుండిన నికొలాసు పేరునుండియే ఈ క్రిస్మసు తాత వచ్చినాడు. పెండ్లికి కట్నము లేని ముగ్గురు పేద కన్యల యింటిలో ఆయన రాత్రివేళ రహస్యముగా ధనము పడవేసెనని పూర్వులు చెప్పుకొనిరి. వారి నడవడిని గూర్చి విచారించెనని ఆ కథలో లేదు.

పిల్లవాడు ఇరువదవ తేదీన అబద్ధమాడినయెడల ఇరువదవ తేదీననే దండించండి. ఇరువదియైదుకు బాకీ వ్రాసిపెట్టకండి.

ఆ అమ్మాయికి నేను మా యింటి సంగతి చెప్పితిని. మేము నలుగురము అన్నదమ్ములము. మెదకు బజారులో మా అమ్మ ఒకే తానులో చారల గుడ్డ కొని నలుగురికి చొక్కాలు కుట్టించునది. ఒకయేడు పండుగకు అయిదు రోజుల ముందు మా చిన్నతమ్ముడు పొరుగువారి జామచెట్టు కొమ్మ విరిచి అమ్మచేత దెబ్బలు తిన్నాడు. ఆ సాయంత్రమే దర్జీకి కొలతలు కూడ ఇచ్చినాడు! ఏడాదియంతయు మాట జవదాటని మా పెద్దన్న అలిగి, “వాడికీ అదే గుడ్డా?” అన్నాడు. అమ్మ రొట్టెలు కాల్చుచు, “వాడు నీ తమ్ముడు కాడా?” అన్నది. పండుగనాడు బ్యాండుమేళమువారివలె నలుగురము ఒకే చారలతో గుడిలో కూర్చుంటిమి.

అక్క కొంతసేపు ఆలోచించినది. “మీ అన్నయ్యకు కోపం పోయిందా?” అని అడిగినది.

ఆ చొక్కా మోచేతులయొద్ద చినుగువరకు ఆయన తొడిగినాడని మాత్రము చెప్పితిని.