నీళ్లు దాచుకునే చెట్టు... బొమ్మైంది!

సంక్రాంతి కొలువులోని అంబారీ ఏనుగును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చూడ్డానికి గంభీరం... బరువు మాత్రం బెండంత! ఆ తేలికదనం కొండపల్లి కళాకారుల గొప్పతనమే కాదు, ఎండతో పోరాడి బతకడం నేర్చిన ఓ చెట్టు గొప్పతనం కూడా. దాని పేరు తెల్ల పొనికి.

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డులో వెళ్తూ ఇబ్రహీంపట్నం దగ్గర మళ్లితే కొండపల్లి. ఎన్టీఆర్ జిల్లాలోని ఈ ఊరికి 14వ శతాబ్దం నాటి ఖిల్లా ఎంత ప్రసిద్ధో, బొమ్మలూ అంతే. వేసవిలో ఖిల్లా ఎక్కి చూస్తే చుట్టూ కొండల మీద చాలా చెట్లకు ఆకు కనిపించదు. ఎండిపోయాయని జాలిపడక్కర్లేదు. అవి బతికే పద్ధతే అది!

ఎవరి ఉపాయం వారిదే

ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది. అందుకే వాన వెళ్లాక కొండ చెట్లు ఆకు రాలుస్తాయి. పొనికి ఆకుల అడుగున తెల్లటి నూగు కూడా ఉంటుంది. అలాంటి నూగు ఆకు తేమను కాపాడుతుంది. పొనికిది ఆముదం కుటుంబం. పాలుగారే జెముడు, కర్రపెండలం, రబ్బరు దీని చుట్టాలే. అదే కుటుంబంలోని జెముడు కాండాన్నే పచ్చగా, కండగా మార్చుకుంటే, పొనికి మెత్తటి కర్రను ఎంచుకుంది.

నిజానికి ఏ చెట్టూ ఆలోచించి ఎంచుకోదు. పుట్టిన మొక్కల్లో చిన్నచిన్న తేడాలుంటాయి. ఆ చోటికి సరిపోయినవి ఎక్కువగా బతికి, ఎక్కువ గింజలు వేస్తాయి. తరాలు గడిచేకొద్దీ ఆ తేడాలే జాతి లక్షణాలవుతాయి. 1859లో డార్విన్ తన పుస్తకంలో చెప్పిన ప్రకృతి వరణం ఇదే.

మెత్తటి కర్రతో లాభమేమిటి? కోస్టారికాలోని ఎండు అడవులను పరిశీలించిన రోల్ఫ్ బోర్కర్ట్ 1994లో జవాబు చెప్పారు. అలాంటి చెట్లు కాండంలో నీరు నిల్వ చేసుకుంటాయి. గట్టి కర్ర చెట్లకు ఆ వీలు తక్కువ.

బొమ్మల కాలనీలో అడుగుపెడితే ఈ మాట కళ్లకు కడుతుంది. కళాకారులు మొదట చేసే పని, పొనికి కర్రను సన్నని సెగ మీద కాచి తేమంతా తీసేయడం! ఆ తర్వాతే ఉలి పడుతుంది. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులేస్తారు.

సముద్రం అవతల తోబుట్టువులు

పొనికి ప్రజాతిలో ఉన్నవి నాలుగే జాతులు. ఒకటి భారత్, శ్రీలంకల్లో, ఇంకొకటి తూర్పు ఆఫ్రికాలో, రెండు మడగాస్కర్‌లో. ఒకే పూర్వీకుడి సంతానం, తలో తీరాన తలో జాతిగా మారింది. మడగాస్కర్ నైరుతి తీరంలో వెజో జాలర్లు ఆ తోబుట్టువు మానును తొలిచి పడవలు చేసుకుంటారు. అదే తేలిక కర్ర... అక్కడ కడలి మీద, ఇక్కడ కొలువు మెట్ల మీద!

గొడ్డలికి మందు లేదు

కష్టం కూడా రెండుచోట్లా ఒకటే. చెట్టు దొరకడం లేదు. లక్షల ఏళ్లలో ఎండను తట్టుకోవడం నేర్చిన పొనికికి గొడ్డలిని తట్టుకునేంత వ్యవధి లేదు. పైగా గింజ పెంకు మహా గట్టిది, సులువుగా మొలకెత్తదు. పెంకు తీసి, లోపలి పిండాన్ని ప్రయోగశాలలో మొలిపించే పద్ధతిని పరిశోధకులు ఇప్పటికే కనుక్కున్నారు. అలా వచ్చిన మొక్కలు కొండ మీద మానులు కావాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. అంతదాకా ఉన్నవాటిని నిలుపుకోవాలి.

ఈసారి కొండపల్లి వెళ్తే పిల్లలకు బొమ్మ కొనివ్వండి. ఖిల్లా పైనుంచి ఆ అడవినీ చూపించండి. బొమ్మ పుట్టిల్లు అదే మరి!